అమీర్‌పేట, రాయదుర్గం: ఒకే మెట్రో మార్గం మీద రెండు నగరాలు

ఒక స్థలం మీద ఎంత విస్తీర్ణం కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని హైదరాబాద్‌లో 2006 మార్చి 3న వచ్చిన జీవో 86 తీసేసింది. అప్పటి నుంచి ఇక్కడ భవనం ఎత్తును ప్రధానంగా రెండు అంశాలు నిర్ణయిస్తున్నాయి: ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ జాగా. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 కూడా అదే పద్ధతిని కొనసాగించింది. ఫలితం కళ్లెదుటే ఉంది. ఇరవై ఏళ్ల కిందట రాళ్ల గుట్టలుగా ఉన్న పడమటి హైదరాబాద్ ఇప్పుడు నలభై, యాభై అంతస్తుల భవనాలతో నిండిపోయింది. నగరం అడ్డంగా పాకకుండా నిలువుగా పెరుగుతోంది కాబట్టి ఇదే కాంపాక్ట్ సిటీ, అంటే అన్నీ దగ్గర దగ్గరగా ఉండే నగరం అని సదస్సుల్లో చెప్పేవాళ్లున్నారు. రవాణా ప్రణాళికలో పనిచేస్తున్న నాకు ఆ మాట ఎప్పుడూ మింగుడుపడలేదు. ఎందుకో చెప్పడానికి హైదరాబాద్ మెట్రో బ్లూ లైన్ మీదున్న రెండు స్టేషన్ల పరిసరాలను ఇక్కడ వివరిస్తాను.

ఒకటి అమీర్‌పేట, రెండోది రాయదుర్గం. మధ్య దూరం పది పన్నెండు కిలోమీటర్లు. అమీర్‌పేటకు మెట్రో 2017 నవంబరులో వచ్చింది. అక్కడి నుంచి హైటెక్ సిటీ దాకా 2019 మార్చిలో, రాయదుర్గం దాకా అదే ఏడాది నవంబరు 29న మార్గం పూర్తయింది. రెండు చోట్లా అవే రైళ్లు, అదే టికెట్టు, అదే ఎండ. తేడా అంతా స్టేషన్ మెట్లు దిగాక మొదలవుతుంది. ప్రయోగశాలలో కూడా ఇంత చక్కటి పోలిక దొరకదు.

కొలిచే పద్ధతి

స్టేషన్ పరిధి అనగానే మ్యాపు మీద 800 మీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయడం మా వృత్తిలో అలవాటు. మామూలుగా నడిచే మనిషికి అది పది నిమిషాల దూరం. స్టేషన్ల చుట్టూ నగరాన్ని పెంచాలనే 2017 నాటి జాతీయ టీఓడీ విధానం కూడా ప్రభావ పరిధిని 500 నుంచి 800 మీటర్లుగా చెప్పింది. ఆ వృత్తం వైశాల్యం సుమారు 200 హెక్టార్లు. నివేదికల్లో చాలా వరకు ఆ వృత్తంలో ఎంత జనాభా, ఎన్ని ఉద్యోగాలు ఉన్నాయో లెక్కగట్టి ఊరుకుంటారు.

నడిచేవాడు వృత్తంలో నడవడు, వీధిలో నడుస్తాడు. అన్ని వీధులూ చదరంగపు గళ్లలా దగ్గర దగ్గరగా, ఎక్కడా అడ్డు లేకుండా ఉన్నా కూడా 800 మీటర్ల నడకలో అందేది వృత్తం మొత్తం కాదు. అది వజ్రాకారంలో ఉండే ఒక ప్రాంతం. లెక్క వేస్తే వృత్తంలో 64 శాతం, అంటే దాదాపు 128 హెక్టార్లు. ఇది రేఖాగణితం విధించే హద్దు. అమీర్‌పేటలాంటి చోట అడ్డదిడ్డపు సందులు, ఏటవాలు దారులు కలిస్తే దీనికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ప్రహరీ గోడలు, ఫ్లై ఓవర్ దిమ్మెలు, డివైడర్లు అడ్డం పడ్డకొద్దీ ఆ వజ్రం అంచులు చిట్లిపోయి, చివరికి స్టేషన్ నుంచి రోడ్ల వెంట సాగిన రెండు మూడు సన్నటి పాయలు మిగులుతాయి.

మేం చేసే పని ఆ ఆకారాన్ని గీయడం. స్టేషన్ ద్వారం దగ్గర మొదలుపెట్టి, చక్రపు కొలబద్దతో ప్రతి దారి వెంటా నడిచి, ఎక్కడ ఆగిపోవాల్సి వచ్చిందో, ఎందుకు ఆగామో రాసుకుంటాం. ఉపగ్రహ చిత్రంలో గేటు కనిపిస్తుంది గానీ అది తెరిచి ఉంటుందా లేదా అన్నది కనిపించదు. ఆ పటాలు పని అప్పగించిన వారి సొత్తు కాబట్టి అంకెలు ఇక్కడ పెట్టను. ఆకారాల గురించి మాత్రం చెబుతాను.

అమీర్‌పేట: ఎవరూ గీయని ప్రణాళిక

అమీర్‌పేటను కాంపాక్ట్ సిటీగా తీర్చిదిద్దాలని ఏ మాస్టర్ ప్లానూ అనుకోలేదు. రెండు మూడు వందల గజాల ఇళ్ల స్థలాలతో వేసిన పాత కాలనీలు, వాటి పక్కన బస్తీలు, మధ్యలో మైత్రీవనం వాణిజ్య సముదాయం. కంప్యూటర్ కోర్సుల గిరాకీ మొదలయ్యాక ఆ ఇళ్లు ఒక్కొక్కటే మారాయి. కింద జిరాక్సు దుకాణం, మొదటి అంతస్తులో కోచింగ్ కేంద్రం, పైన హాస్టల్. పక్క సందులో కర్రీ పాయింట్, ఆ పక్కన టిఫిన్ సెంటర్, మూల మీద మందుల షాపు. శ్రీకాకుళం నుంచో ఖమ్మం నుంచో బ్యాగు భుజాన వేసుకుని దిగిన కుర్రాడు చదువు, తిండి, పడక, స్నేహితులు, ఇంటర్వ్యూకి ఇస్త్రీ చొక్కా అన్నీ కాలినడకన సమకూర్చుకోగలడు. ఉద్యోగం వచ్చాక కూడా చాలామంది ఇక్కడే ఉండిపోయి మెట్రోలో పడమటికి వెళ్లొస్తారు.

మా పటంలో అమీర్‌పేట ఆకారం దాదాపు నిండు వజ్రం. స్టేషన్ నుంచి ఏ దిక్కుకు తిరిగినా యాభై, అరవై మీటర్లకో మలుపు, ప్రతి మలుపులో మరో రెండు దారులు. ఎస్‌ఆర్ నగర్ వైపు, బల్కంపేట వైపు, ధరం కరం రోడ్డు మీదుగా కిందికి ఎటు వెళ్లినా చుట్టు తిరుగుడు తక్కువ. ఒక దారిలో తవ్వకాలు జరుగుతుంటే జనం పక్క దారి పట్టేస్తారు.

ఇక్కడ ఎత్తైన భవనాలు లేవా అంటే ఉన్నాయి, కానీ అరుదు. ఎక్కువగా నాలుగైదు అంతస్తులే. అయినా ఒక హెక్టారులో నివసించేవాళ్లు, చదివేవాళ్లు, పనిచేసేవాళ్లు కలిపితే రాయదుర్గం వైపు గాజు భవనాల హెక్టారుకు తీసిపోరని నా అంచనా. కారణం సులభం. ఇక్కడ ఒక మనిషి వాడుకునే స్థలం తక్కువ. భవనాల మధ్య వదిలిన స్థలం తక్కువ. కార్లకు ఇచ్చిన స్థలం మరీ తక్కువ.

దీన్ని పొగడ్తగా మాత్రమే తీసుకోవద్దు. ఒక గదిలో నాలుగు మంచాలు, కిటికీ తెరిస్తే చేతికందే పక్కింటి గోడ, ఇరుకైన ఒకే మెట్ల దారి, తీగల గుత్తులు వేలాడే కరెంటు స్తంభాలు. అగ్నిప్రమాదం జరిగితే ఫైరింజన్ ఆ సందుల్లోకి రాలేదు. ఫుట్‌పాత్ ఉన్న చోట దాని మీద జనరేటరో బైకులో ఉంటాయి. నడుస్తున్నారంటే నడక హాయిగా ఉందని అర్థం కాదు, అవసరమైనవన్నీ దగ్గర్లో ఉన్నాయని మాత్రమే అర్థం. అమీర్‌పేటలో దగ్గరతనం ఉంది, సౌకర్యం లేదు. సౌకర్యాన్ని తర్వాత కూడా చేర్చవచ్చు. దగ్గరతనాన్ని తర్వాత చేర్చడం ఎంత కష్టమో రాయదుర్గం చూపిస్తుంది.

రాయదుర్గం: ఎత్తు ఉంది, మూలమలుపు లేదు

సైబర్ టవర్స్ 1998లో మొదలైనప్పుడు మాదాపూర్ నగరానికి శివారు. అక్కడి నుంచి దక్షిణానికి, పడమటికి ప్రభుత్వ భూములను పెద్ద పెద్ద ముక్కలుగా సంస్థలకు ఇస్తూ పోయారు. ఒక్కో ముక్క పదుల ఎకరాలు. ప్రతి ముక్కకూ ప్రహరీ, రెండు గేట్లు, లోపల సొంత రోడ్లు. రాయదుర్గం స్టేషన్ అలాంటి ముక్కల మధ్య విశాలమైన రోడ్డు మీద నిలబడి ఉంది. పక్కనే 2018 ఆగస్టులో తెరిచిన ఐకియా దుకాణం, రోడ్డుకు అటూ ఇటూ ఐటీ ఆవరణలు, ముందుకెళ్తే బయో డైవర్సిటీ కూడలి ఫ్లై ఓవర్లు. 2022 జూన్‌లో మొదలైన టీ హబ్ కొత్త భవనం కూడా ఈ పరిసరాల్లోదే. కొత్త సంస్థలు పెట్టే యువతకు కట్టిన ఆ భవనానికి స్టేషన్ నుంచి నడవాలంటే కిలోమీటరుకు పైగానే, అదీ ఎక్కువ భాగం గోడల వెంబడే.

మా పటంలో ఈ స్టేషన్ ఆకారం వజ్రం కాదు, కర్రకు కట్టిన రెండు మూడు రిబ్బన్లు. స్టేషన్ నుంచి సూటిగా చూస్తే కళ్లెదుట కనిపించే భవనానికి కూడా ఆవరణ చుట్టూ తిరిగి అవతలి గేటు గుండా వెళ్లాలి. ఒక గేటు దగ్గర ఇటు నుంచి దారి ఉందా అని అడిగితే సెక్యూరిటీ గార్డు మర్యాదగానే చెప్పాడు: “లేదు మేడం, ఇది వెహికల్ గేటు. నడిచొచ్చేవాళ్లు వెనక గేటుకు పోవాలి.” స్టేషన్ ఉన్న వైపు వాహనాలకు గేటు, లేని వైపు మనుషులకు గేటు! ఆవరణ కట్టిన నాటికి మెట్రో లేదు కాబట్టి దీనికి ఎవరినీ నిందించలేం. మెట్రో వచ్చి ఇన్నేళ్లయినా గేటు మారకపోవడం మాత్రం ఆలోచించాల్సిన విషయమే.

గోడలకు చట్టం అండ కూడా ఉంది. ఐటీ ఆవరణల్లో కొన్ని ప్రత్యేక ఆర్థిక మండళ్లు (సెజ్‌లు). పన్ను మినహాయింపు ఉన్న ప్రాంతం కాబట్టి సెజ్ నిబంధనలు చుట్టూ గోడ గానీ కంచె గానీ ఉండాలంటాయి. సరుకు దొంగచాటుగా బయటికి పోకుండా పెట్టిన నియమం అది. ఇక్కడి సరుకు సాఫ్ట్‌వేర్. అది గోడ దూకి పోదు, తీగ వెంట పోతుంది. అయినా గోడ గోడే. నగరం నడకను కస్టమ్స్ నియమం శాసిస్తుందని నాకు ప్లానింగ్ కళాశాలలో ఎవరూ చెప్పలేదు.

ఇక సెట్‌బ్యాక్‌ల సంగతి, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా. జీవో 168 ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న భవనం హైరైజ్ కిందికి వస్తుంది. దాని చుట్టూ కనీసం 7 మీటర్లు వదలాలి, ఎత్తు పెరిగేకొద్దీ ఆ ఖాళీ కూడా పెరుగుతుంది. ఫైరింజన్ తిరగడానికి, గాలి వెలుతురుకు అది అవసరమే. కానీ పక్కపక్కనే రెండు టవర్లు లేస్తే రెండింటి ఖాళీలు కలిసి మధ్యలో ఒక రోడ్డంత జాగా ఏర్పడుతుంది, దాని మధ్యలో మళ్లీ గోడ. అటు పదిహేను మీటర్లు, ఇటు పదిహేను మీటర్లు వదిలారనుకుంటే ముప్పై మీటర్ల వెడల్పున ఎవరికీ దారి కాని దారి. దాన్ని ర్యాంపులు, ట్రాన్స్‌ఫార్మర్లు, పార్కింగు మింగేస్తాయి. టవర్ ఎంత ఎత్తు పెరిగితే పక్క భవనం అంత దూరం జరుగుతుంది. అంతస్తులతో పాటు దూరాలను కూడా పెంచే నియమం ఇది.

పార్కింగు లెక్క ఇంకా విచిత్రం. మన నిబంధనలు మొత్తం నిర్మాణంలో కనీసం ఇంత శాతం పార్కింగుకు కేటాయించాలంటాయి గానీ ఇంతకు మించవద్దని చెప్పవు. ర్యాంపు, తిరిగే జాగాతో కలిపి ఒక కారుకు పాతిక నుంచి ముప్పై చదరపు మీటర్లు పడుతుంది. ఆ కారులో వచ్చిన ఉద్యోగికి ఆఫీసులో దక్కే జాగా, కారిడార్లతో సహా, పది చదరపు మీటర్లు ఉంటే గొప్ప. మనిషి కంటే అతని కారుకే పెద్ద గది! స్టేషన్ పక్కనే ఉన్న భవనానికీ, స్టేషన్‌కు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న భవనానికీ మెట్రో ఉందన్న కారణంతో ఈ లెక్కలో తేడా రాదు. లోపల పార్కింగు కట్టేశాక ఆ ఖర్చు అద్దెలో కలిసిపోతుంది. ఉద్యోగికి అది ఉచితంగా కనిపిస్తుంది. ఉచితంగా దొరికేదాన్ని ఎవరు వదులుకుంటారు?

మెట్రో మూడు బోగీల రైలులో దాదాపు వెయ్యి మంది పడతారు. ఆ వెయ్యి మందీ కారుకు ఒకటిన్నర మంది చొప్పున బయల్దేరితే ఆరువందల యాభై కార్లకు పైమాటే. కదలకుండా ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినా నాలుగు కిలోమీటర్ల వరుస. ప్రతి కొన్ని నిమిషాలకూ అంతమందిని దించే యంత్రాన్ని ప్రజాధనంతో, ప్రైవేటు పెట్టుబడితో కట్టుకుని, దాని గుమ్మం ముందే కార్ల కోసం ఫ్లై ఓవర్ల మీద ఫ్లై ఓవర్లు వేశాం. 2018 నుంచి ఈ చుట్టుపక్కల అయ్యప్ప సొసైటీ అండర్‌పాస్, మైండ్‌స్పేస్ ఫ్లై ఓవర్, బయో డైవర్సిటీ, శిల్పా లేఅవుట్, కొత్తగూడ వరుసగా వచ్చాయి. వాహనాలు ఆగకుండా సాగే ప్రతి కూడలి నడిచేవాడికి దాటలేని ఏరు.

గోడల వెనక పుట్టిన చిన్న అమీర్‌పేటలు

ఈ పరిశీలనలో నన్ను బాగా ఆలోచింపజేసింది పై రెండు స్టేషన్ల తేడా కాదు, ఐటీ ఆవరణల అంచులను ఆనుకుని ఉన్న కాలనీలు. గఫూర్ నగర్, అంజయ్య నగర్, సిద్దిఖ్ నగర్, అయ్యప్ప సొసైటీ. సిద్దిఖ్ నగర్, అంజయ్య నగర్‌లలో యాభై, అరవై గజాల ముక్కలు కూడా కనిపిస్తాయి. ఒక్కో దాని మీద నాలుగైదు అంతస్తులు, పైనుంచి కింది దాకా హాస్టళ్లు. కింద కిరాణా, బిర్యానీ, సెలూన్, మొబైల్ రిపేరు. సాయంత్రం ఆరు దాటితే మెడలో ఐడీ కార్డులతో జనం ఆఫీసుల నుంచి నడిచి ఈ సందుల్లోకి వస్తారు. సెక్యూరిటీ గార్డులు, హౌస్ కీపింగ్ వాళ్లు, వంటవాళ్లు కూడా ఇక్కడే ఉంటారు.

అంటే పడమటి హైదరాబాద్‌లో నడిచి ఉద్యోగానికి వెళ్లే జీవితం ఉంది. అది ప్రణాళిక ప్రకారం కట్టిన భాగంలో కాక, ప్రణాళిక పట్టించుకోని భాగంలో పుట్టింది. చిన్న చిన్న యజమానులు, చిన్న ముక్కలు, సందులు ఉన్న చోట గిరాకీకి తగ్గట్టు నగరం దానంతట అదే దగ్గరగా అల్లుకుంది. దాని మూల్యం కూడా తెలిసిందే. 2024 నవంబరులో సిద్దిఖ్ నగర్‌లో పక్క స్థలంలో తవ్విన గుంత వల్ల ఒక భవనం ప్రమాదకరంగా ఒరిగిపోయింది. లోపలివాళ్లను ఖాళీ చేయించి మరునాడే కూల్చేశారు. అయ్యప్ప సొసైటీలో అనుమతి లేని కట్టడాల వివాదం ఏళ్లుగా నడుస్తూనే ఉంది.

అధికారుల ముందు ఈ మాట చెబితే వెంటనే వచ్చే ప్రశ్న, “అయితే అక్రమ నిర్మాణాలను సమర్థిస్తున్నారా?” అని. సమర్థించడం లేదు. చట్టబద్ధంగా కట్టాలంటే దూరదూరంగా, గోడకట్టి, కార్లకు చోటిచ్చి కట్టాలి. దగ్గరదగ్గరగా కట్టాలంటే చట్టం దాటాలి. ఈ రెండింటికీ మధ్య మూడో దారి మన నిబంధనల్లో లేదు. వంద గజాల స్థలంలో నాలుగు అంతస్తుల హాస్టల్‌ను అగ్నిమాపక భద్రతతో, రెండో మెట్ల దారితో, పక్క భవనంతో గోడ పంచుకుని ఎలా కట్టవచ్చో చెప్పే ఒక నమూనా అనుమతి ఉంటే, ఈ కాలనీల్లో సగం సమస్య ఇంజనీరింగ్ సమస్యగా మారిపోతుంది. ఇప్పుడది పోలీసు సమస్యగా ఉంది.

మేం సూచించినవి, వాటికి దొరికిన స్పందన

రాయదుర్గంలాంటి స్టేషన్‌కు కొత్త ప్రణాళిక గీయలేం. భూమి అయిపోయింది. చేయగలిగింది గోడల్లో కంతలు పెట్టడమే. మా మొదటి సూచన అదే: పెద్ద ఆవరణల మధ్య నుంచి ఆరు మీటర్ల నడక దారి, రెండు వైపులా కంచె, ఉదయం నుంచి రాత్రి దాకా తెరిచి ఉండేలా. లోపలి భవనాల భద్రతకు భంగం లేదు, ఆవరణను రెండుగా చీల్చినట్లు మాత్రం అవుతుంది. దీనికి విత్తనం నిబంధనల్లోనే ఉంది. పెద్ద గేటెడ్ నిర్మాణాలు తమ స్థలంలో ఒక అంచున 9 మీటర్ల ప్రజా దారి వదలాలని జీవో 168 చెబుతుంది. అంచున వదిలే దారిని అవసరమైన చోట మధ్యకు తేవాలన్నదే మా కోరిక. సమావేశంలో ఒక ఆవరణ నిర్వాహకుడు సూటిగా అడిగారు: “బయటివాళ్లు నడుస్తుంటే ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది, మేడం?” న్యాయమైన ప్రశ్న. పురపాలక సంస్థ ఆ దారి నిర్వహణను, బాధ్యతను రాతపూర్వకంగా తీసుకుంటే తప్ప ఏ యజమానీ ఒప్పుకోడు. పురపాలక సంస్థ తనది కాని భూమి మీద బాధ్యత తీసుకోదు. చర్చ అక్కడే ఆగింది.

అందరూ సంతోషంగా ఒప్పుకున్నది స్కైవాక్. ఉప్పల్‌లో 2023 జూన్‌లో తెరిచిన 660 మీటర్ల స్కైవాక్ ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. అక్కడ అది ప్రాణాలు కాపాడుతోంది, అందులో సందేహం లేదు. నాకున్న అభ్యంతరం వేరు. నేల మీది రోడ్డును వాహనాలకు వదిలేసి మనుషుల్ని మెట్లెక్కించడం అలవాటైతే, కింద దుకాణం పెట్టేవాడు ఉండడు. దుకాణం లేని వీధిలో రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా నడవాలంటే ఆడవాళ్లు జంకుతారు. ఇక మిగిలేది క్యాబ్.

నీడ గురించిన సూచనను ఎవరూ కాదనలేదు, ఎవరూ పట్టించుకోనూ లేదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టీలో దుకాణాల ముందు రాతి కమానుల కింద నడవా కట్టించింది. ఈనాటికీ ఏప్రిల్ మధ్యాహ్నం అక్కడ కొనుగోళ్లు సాగుతుంటాయి. వందేళ్ల కిందటి ఇంజనీర్లకు తెలిసిన వాతావరణం గాజు గోడల కాలానికి మరచిపోయినట్లుంది. భవనం ముందు భాగాన్ని రోడ్డు దాకా తెచ్చి, కింది అంతస్తులో మూడు మీటర్ల నడవా వదిలితే దానికి సెట్‌బ్యాక్ మినహాయింపు ఇవ్వవచ్చు. దీనికి ప్రభుత్వానికి రూపాయి ఖర్చు లేదు.

బస్సుల విషయంలో మాత్రం నగరం మా అంచనాల కంటే ముందుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మహిళలకు ఆర్టీసీ సాధారణ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఆఫీసుల్లో శుభ్రం చేసే పనివాళ్లకు, కేంటీన్లలో పనిచేసేవాళ్లకు అది నెల జీతంలో కనిపించే తేడా. ప్రయాణికుల అధ్యయనాల్లో ఐటీ ఉద్యోగినే నమూనాగా తీసుకోవడం మా వృత్తిలో పాతుకుపోయిన దురలవాటు. ఆ ఉద్యోగి టేబుల్ తుడిచే మనిషి ఎక్కడి నుంచి ఎలా వస్తోందో అడిగితే స్టేషన్ నుంచి చిన్న బస్సు ఏ దారిలో తిరగాలో దానంతట అదే తేలుతుంది. కంపెనీల సొంత షటిళ్లు ఒకే స్టేషన్ నుంచి ఒకే వైపు సగం ఖాళీగా పోతుంటాయి. వాటన్నిటినీ కలిపి ఐదు నిమిషాలకో ప్రజా బస్సుగా నడపాలన్న సూచన ఇప్పటికీ కాగితం మీదే ఉంది.

సైకిళ్ల గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో తెరుచుకుంది. చూడముచ్చటైన కట్టడం. ఆదివారం ఉదయం కారు వెనక సైకిల్ కట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఆ డబ్బుతో స్టేషన్ నుంచి ఆఫీసు గేటు దాకా రెండు కిలోమీటర్ల సురక్షిత దారులు ఎన్ని వేయవచ్చో లెక్కగట్టే ఓపిక నాకు లేదు.

కోకాపేట: ఇంకా తలుపులు మూసుకోలేదు

ఎత్తును దేనికి ముడిపెట్టాలి అన్నదే అసలు ప్రశ్న. బ్రెజిల్‌లోని కురిటీబా నగరం 1974లో ప్రత్యేక మార్గాల్లో ఎక్స్‌ప్రెస్ బస్సులు మొదలుపెట్టింది. ఎత్తైన భవనాలకు అనుమతిని కూడా ఆ బస్సు మార్గాల వెంబడే పరిమితం చేసింది. ఆకాశం నుంచి చూస్తే టవర్ల వరుస బస్సు రూటు మ్యాపులా కనిపిస్తుంది. మనం ఎత్తును రోడ్డు వెడల్పుకు ముడిపెట్టాం. కాబట్టి మన టవర్లు వెడల్పాటి రోడ్లు ఎక్కడుంటే అక్కడ లేస్తాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేశాక అవి దాని వెంట పోయాయి. రైలు వాటి వెనక పరుగెడుతోంది.

కోకాపేటలో నియోపోలిస్ అనే ప్రభుత్వ లేఅవుట్ ఇందుకు తాజా ఉదాహరణ. అమ్మింది ప్రైవేటు యజమాని కాదు, ప్రభుత్వమే. 2021 జులైలో మొదటి విడత, 2023 ఆగస్టులో రెండో విడత వేలం. రెండో విడతలో ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్లకు పోయింది. విశాలమైన రోడ్లు, ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేకపోవడం వేలం ప్రకటనల్లో ఆకర్షణలు. అప్పటికి అక్కడికి రైలు లేదు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి మెట్రోకు శంకుస్థాపన జరిగింది గానీ ప్రభుత్వం మారాక ఆ మార్గాన్ని పక్కన పెట్టారు. రెండో దశలో 76.4 కిలోమీటర్ల ఐదు కారిడార్లను 2024లో కొత్త ప్రభుత్వం ప్రతిపాదించింది. అందులో రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్ దాకా 11.6 కిలోమీటర్లు. టవర్ల పునాదులు పడ్డాక రైలు గీత గీశాం. ఇప్పుడు ఆ స్టేషన్ల చుట్టూ మరో రాయదుర్గం తయారవుతుందా అన్నది రాబోయే రెండు మూడేళ్లలో తేలిపోతుంది.

ఇదే జాగ్రత్త అమరావతికీ వర్తిస్తుంది. అక్కడ పరిస్థితి ఒక రకంగా మెరుగు. 2015 భూసమీకరణలో ఎకరం మెట్ట భూమి ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగివ్వాలన్నది ఒప్పందం. అంటే వేలమంది యజమానులు, చిన్న ప్లాట్లు. అమీర్‌పేటను అమీర్‌పేట చేసింది ఆ చిన్న ముక్కలే. సంస్థలకు వందల ఎకరాల ముక్కలు ఇచ్చే చోట మాత్రం రాయదుర్గం పొంచి ఉంటుంది. వాటి మధ్య నుంచి ప్రజా దారులను కేటాయింపు పత్రంలోనే రాసుకోకపోతే తర్వాత తెరిపించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

కోకాపేటలో ఇప్పటికే అమ్మిన ప్లాట్ల విషయంలో చేయగలిగింది కొద్దిగానే: స్టేషన్ ద్వారాలు ఎటు తెరుచుకోవాలో భవన యజమానులతో ముందే కూర్చుని తేల్చుకోవడం, రోడ్ల వెడల్పులో నడకకు, బస్సుకు వాటా ఇప్పుడే గీసేయడం. అమ్మని భూమి విషయం వేరు. తదుపరి వేలం ప్రకటనలో నాలుగు షరతులు చేరాలి. ప్రతి వంద, నూటయాభై మీటర్లకు ఒక ప్రజా దారి. రోడ్డు వైపు గోడకు బదులు దుకాణాలు. కార్ల పార్కింగుకు కనీసం కాక గరిష్ఠ పరిమితి. ఇళ్లలో కొంత భాగం చిన్న అద్దె గదులుగా. ధర కొంత తగ్గవచ్చు. ఇందుకు కొత్త చట్టం గానీ జీవో 168కి సవరణ గానీ అక్కర్లేదు. భూమి అమ్ముతున్నది ప్రభుత్వమే కాబట్టి విక్రయ పత్రంలో రాస్తే చాలు.